క్రైస్తవులు సున్నా

పాడె దించేందుకు చోటు లేదు. మోస్తున్న నలుగురూ భుజాలు మార్చుకుంటూ కంచె ముందు నిలబడిపోయారు.

పొద్దున తొమ్మిదిన్నరకే ఎండ చురచుర కాలుస్తోంది. ఆగస్టు సగం గడిచినా ఈదులదొడ్డి మీద నాలుగు చినుకులు సరిగ్గా రాలలేదు. కంచె అవతల మాత్రం బోరు నీళ్లు తాగిన పత్తి చేను నడుమెత్తు పెరిగి పూత మీద కళకళలాడుతోంది. సాళ్ల మధ్య నలభై మంది ఆడవాళ్లు వంగి పనిచేస్తున్నారు. మగపువ్వు తెంపాలి, నిన్న సాయంత్రం ఒలిచి పెట్టిన ఆడమొగ్గ మీద రుద్దాలి, గుర్తుకు దారం కట్టాలి, పక్క మొగ్గకు జరగాలి. విత్తనాల కంపెనీ కోసం పెంచే సీడు పత్తికి ఈ పని పన్నెండు లోపల అయిపోవాలి. కూలి ముప్పై అయిదు రూపాయలు. నడుమ ఆగితే సగం కోత. ఆ నలభై మందిలో ముప్పై మంది మాదిగవాడ వాళ్లే. పాడె మీద పడుకున్న ఇస్రాయేలు వాళ్లకు బావో, అన్నో, చిన్నాయనో అవుతాడు. తలలెత్తి చూశారు, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు, మళ్లీ పువ్వు మీద చెయ్యి వేశారు. ఏం చేస్తారు పాపం!

కిష్టమ్మ కంచెకు పాతిన రాతికడీ పట్టుకుని లోపలికి చూస్తోంది. మొగుడు పోయింది నిన్న పొద్దుగూకినప్పుడు. ఏడవడానికి ఆమెకు ఇంకా తీరిక చిక్కలేదు. తుమ్మచెట్టు నుంచి మూడో సాలు. అక్కడే ఆమె మామ బొంద. దాని పక్కన మూడు నెలలకే పోయిన ఆమె తొలిచూలు పిల్లాడి బొంద. తాతల నాటి నుంచి ఇది వాడ వాళ్లను పూడ్చే బొందలగడ్డ. పోయినేడు లక్ష్మీదేవమ్మ సర్వే చేయించి తన పట్టాలో కలుపుకుంది. కలుపుకున్న చేనులోనే కిష్టమ్మ రెండు నెలలు కూలికి వచ్చింది. మూడో సాలులో అడుగు పెట్టేటప్పుడు చెప్పులు విప్పి గట్టున పెట్టేది. చెప్పులు విప్పితే చాలనుకుంది చూడండి, ఆ పిచ్చితల్లి!

గొడుగు కింద కుర్చీలో కూర్చున్న లక్ష్మీదేవమ్మ లేచి కంచె దాకా వచ్చింది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక ఇరవై ఎకరాల సీడు ప్లాట్లను ఒంటిచేత్తో నడిపిస్తోంది.

“ఏమే కిష్టమ్మా, మనిషి పోయిండని తెలిసి నాకు గూడ బాధయింది. గాని పూత మీదున్న చేన్లకెల్లి పాడె ఎట్ల పోనిస్తనే? కంపెనీ సారొచ్చి చూస్తే ప్లాటు రద్దు జేస్తడు.”

“ఇది మా బొందలగడ్డ దొరసానమ్మా. మా మామ ఈడనే ఉన్నడు.”

“ఉంటే ఉండనీ. నేనేమన్న తవ్వి తీసిన్నా? సర్వేయరు కొలిచిన నాడు మీరొక్కలన్న నోరు దెరిసిండ్రా? ఎమ్మార్వో తానికి పోండ్రి. యాడనన్న చోటియ్యమనుండ్రి. నేనొద్దంటినా?”

కొంగు ముడి విప్పి వంద రూపాయల నోటు కంచె మీదుగా చాపింది. “మంచుగడ్డ తెప్పించుకో. ఎండ మస్తుగుంది.”

కిష్టమ్మ ఆ నోటు తీసుకుంది. తీసుకోక! శవం ఆగాలంటే మంచు కావాలి, మంచుకు డబ్బు కావాలి.

పాడెను కంచె ఇవతల పడే పలచటి నీడలోకి దించారు. అప్పుడు సాళ్లలోంచి ఒక్క మనిషి నడుం ఎత్తి, నడుముకు కట్టిన పువ్వుల సంచి విప్పి గట్టున పడేసి, కంచె దాటి వచ్చింది. పక్కింటి మున్నీబీ. సగం కూలి పోతే పోయిందనుకుంది.

“నువ్వు పో అక్కా. ఈగలు వాలకుంట నేను చూస్త,” అని పాడె పక్కన కూలబడి కొంగుతో విసరసాగింది.

కిష్టమ్మ, కూతురు శైలజ, బావగారు యేసయ్య ఆటో ఎక్కారు. యేసయ్య ఇస్రాయేలుకు పెద్దన్న. వాడలో రేకుల చర్చికి సంఘపెద్ద. పాస్టరు గద్వాల నుంచి నెలకొకసారి వస్తాడు. తక్కిన ఆదివారాలు ప్రార్థన చేయించేదీ, పెళ్లికీ చావుకీ బైబిలు పుస్తకం పట్టేదీ యేసయ్యే. అయితే ఓటరు లిస్టులో ఆయన పేరు ఈరన్న. పోయిన ఇస్రాయేలు రేషన్ కార్డులో తిమ్మన్న. మాదిగవాడలో నలభై మూడు ఇళ్లుంటే నలభై మూడిళ్లలోనూ మనిషికి రెండేసి పేర్లు. ఒకటి దేవుడికి, ఒకటి సర్కారుకు. ఎందుకంటే, క్రైస్తవులమని కాయితం మీద రాయిస్తే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతారు. ఎస్సీ పోతే స్కాలర్‌షిప్పు, హాస్టలు, రేపటి నౌకరీ అన్నీ గల్లంతే. దేవుడు మారినా ఊరు వాళ్లను వాడ దాటనిచ్చింది లేదు, హోటల్లో గ్లాసు మార్చింది లేదు. అయినా కాయితానికి మాత్రం వాళ్లు మారినట్టే లెక్క.

ఇస్రాయేలు పన్నెండేళ్లు, కూలీలను దూరపు పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రి వెంట తిరిగాడు. ఎక్కడ కొండను తొలుస్తుంటే అక్కడికి, ఎక్కడ సొరంగం తవ్వుతుంటే అక్కడికి. చివరికి ఊపిరితిత్తుల నిండా రాతిపిండి నింపుకుని ఇంటికొచ్చాడు. దవాఖానలో డాక్టరు ఫొటో తీసి చూసి, మందు లేదని చేతులెత్తేశాడు. అన్నాళ్లు ఆ మనిషి రాళ్లలో దగ్గుతూ పడి ఉన్నది ఒక్క దానికి: శైలజ చదువు. వాడలో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్ల. సర్కారు నర్సింగు బడిలో ఎస్సీ కోటా కింద సీటు వచ్చింది. ఎల్లుండి పాలమూరులో కాయితాలు చూపించి చేరాలి. కులం సర్టిఫికెట్ కోసం పెట్టిన దరఖాస్తు పది రోజులుగా ఎమ్మార్వో బల్ల మీదే ఉంది.

ఇప్పుడు అదే బల్ల ముందుకు మొగుడికి బొంద అడగడానికి వెళ్తోంది కిష్టమ్మ.

మండలాఫీసు గేటు పక్కన చిన్న బల్ల వేసుకుని అబ్దుల్ రహమాన్ అర్జీలు రాస్తుంటాడు. ముప్పై ఏళ్లుగా అదే బల్ల. ఆఫీసులో ఏ అల్మారాలో ఏ ఫైలుందో అటెండరు కంటే ఆయనకే బాగా తెలుసు. యేసయ్య చెప్పిందంతా విని కలం తీశాడు, మళ్లీ మూత పెట్టాడు.

“యేసయ్యా, అర్జీ రాసుడు ఎంతసేపు? ‘క్రైస్తవులకు సమాధుల స్థలం’ అని రాస్త. గాని లోపల సారు ఏమంటడో తెల్సా? మీ ఊళ్ల క్రైస్తవులే లేరంటడు.”

“అదేంది రహమాను బాయీ, నలభై మూడిండ్లు...”

“రెండు వేల ఒకటి జనాభా లెక్కలు. ఈదులదొడ్డి: హిందువులు వెయ్యిన్నొక వంద చిల్లర, ముస్లింలు ఎనభై ఆరు, క్రైస్తవులు సున్నా. నా కండ్లతోని చూసిన. మేం ఎనభై ఆరు మందిమని రాసుంది, మాకు ఖబ్రస్తాన్ ఉంది. మీరు సున్నా. సున్నాకు చోటెట్లిస్తరు చెప్పు?”

యేసయ్య మొహం పాలిపోయింది. తల దించుకుని తువ్వాలుతో మెడ తుడుచుకోసాగాడు. ఎందుకో కిష్టమ్మకు తెలుసు. నాలుగేళ్ల కింద జనాభా లెక్కల నాడు బడి పంతులు ఎండకు ఓర్వలేక రేషన్ దుకాణం అరుగు మీద కూలబడ్డాడు. “ఇంటింటికి తిరగాల్నా ఈరన్నా? నువ్వే చెప్పు, రాసుకుంట,” అన్నాడు. యేసయ్య నలభై మూడిళ్లకూ తానొక్కడే జవాబు చెప్పాడు. అందరం హిందువులమే సారూ, రాసుకో. పిల్లల స్కాలర్‌షిప్పులు కాపాడాడని ఆ వేళ వాడంతా ఆయన్ను మెచ్చుకుంది. కిష్టమ్మ కోడిని కోసి పిలిచి మరీ అన్నం పెట్టింది.

“మా ఖబ్రస్తాన్‌ల అడుగుదమంటే మా పెద్దమనుషులు వక్ఫు అని మొత్తుకుంటరు,” అన్నాడు రహమాన్ గొంతు తగ్గించి, అర్జీ రాసిస్తూ. “నా చేతుల ఏముంది? పో బిడ్డా, అడిగి చూడు. అర్జీకి పైసల్ వద్దు.”

లోపల ఎమ్మార్వో ముందు దుప్పటంత కాయితం పరిచి ఉంది. పెన్సిలు చెవిలో పెట్టుకుని ఆయన గళ్లు నింపుతున్నాడు. చెడ్డమనిషి కాదు. శవం దగ్గర నుంచి వచ్చారని తెలిసి కుర్చీ చూపించాడు. వీళ్లు కూర్చోలేదు, నిలబడే చెప్పారు. ఆయన అర్జీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇస్రాయేలు ఎవరమ్మా? రేషన్ కార్డులో మీ ఆయన పేరు తిమ్మన్న కదా?”

“ఇద్దరొక్కరే సారూ.”

“నాకు రికార్డులో ఒక్కరే ఉన్నారు. ఇస్రాయేలు అనే మనిషి ఈ మండలంలో పుట్టనూ లేదు, చావనూ లేదు.” ఆ మాట తనకే మొరటుగా వినిపించినట్టుంది, కాస్త తగ్గాడు. “ఇది చూడండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... మూడు డివిజన్ల మండలాలను పక్కపక్కన పెట్టి పోల్చే పట్టిక. ఎవరి దగ్గర ఎంత ఆస్తి, ఏ మతం వాళ్లు ఎందరు, ఎన్ని మరుగుదొడ్లు, ఎన్ని టీవీలు, చదువుకున్న ఆడవాళ్లు ఎంతమంది. రేపు పదకొండింటికి మీటింగు. చదువులో మన మండలం అడుగున ఉంది. మరుగుదొడ్లలో అడుగున. వనపర్తి వైపు వాళ్లు నన్ను చూసి నవ్వుతారు. ఒక్క గడిలోనే మనం పైన ఉన్నాం. ఇదిగో, ‘శ్మశానం లేని మతస్తులున్న గ్రామాలు’. సున్నా. మీకు శ్మశానం లేదని ఈ అర్జీ తీసుకుంటే ఆ గడి పోతుంది. పోనీ, పోతే పోయింది. కానీ తీసుకోవాలంటే ముందు మీరు క్రైస్తవులని రాసివ్వాలి. రాసిస్తే...”

బల్ల మీది ఇంకో కట్ట లోంచి ఒక కాయితం లాగి పక్కన పెట్టాడు. శైలజ దరఖాస్తు. అతికించిన ఫొటోలో పిల్ల నవ్వుతోంది.

“రాసిస్తే దీని మీద నేను సంతకం పెట్టలేను. రెండూ నా బల్ల మీదే ఉన్నాయమ్మా. ఒక్కటే తీసుకోగలను.”

 శైలజ గోడకున్న బోర్డు వైపు చూస్తోంది. యేసయ్య తువ్వాలు నలుపుతున్నాడు. కిష్టమ్మ మాత్రం ఒక అడుగు ముందుకేసింది.

“మేం హిందువులమని నువ్వే రాసినవ్ గద సారూ?”

“అవును.”

“గట్లయితే ఊరి శ్మశానం మాది గూడ. చెరువు కట్ట కింద, రెడ్లది, కోమట్లది. ఆడ పెట్టుకుంటం. ఒక కాయితం రాసియ్యి.”

ఎమ్మార్వో తెల్లబోయాడు. “రూలు ప్రకారం మీకు హక్కుందమ్మా. ఎవ్వరూ కాదనరు.”

“నోటితోని గాదు సారూ. కాయితం.”

“ఊళ్లో గొడవలవుతాయి. కర్రలు లేస్తాయి. ఆ వంద గడపలతో పెట్టుకుని మీరు బతకగలరా? మీ మంచికే చెబుతున్నాను.”

“మేం సావుకు హిందువులం గాము, చోటుకు కిరస్తానం గాము. మల్ల మేమెవరం సారూ?”

ఆయన బెల్లు కొట్టి రెవెన్యూ ఇన్‌స్పెక్టరును, ఆర్.ఐ.ని పిలిచాడు. ఆర్.ఐ. గోపి, ముప్పై ఏళ్లవాడు, నాగర్‌కర్నూలు వైపు బిజినేపల్లి నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎమ్మార్వో అతనికి చెప్పినట్టే చెప్పి వీళ్లకు వినిపించాడు: వాగు పోరంబోకులో పూడ్చుకోనివ్వండి. మీరు దగ్గరుండి చూడండి. హిందూ ఆచారం ప్రకారం జరిగిందని పంచనామా రాసుకురండి. పెట్టె, పుస్తకం, పాటలు, ప్రార్థనలు ఏవైనా కనబడితే అదీ రాయండి. సాయంత్రం పంచనామా చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెడతాను.

అంతే. మొగుడికి ఇసుకలో ఆరడుగులు, కూతురికి ఒక సంతకం. నోరు మూసుకుంటే రెండూ దక్కుతాయి.

లక్ష్మీదేవమ్మ ఇచ్చిన వందతో మంచుగడ్డ కొని తిరుగు ఆటో ఎక్కారు. మంచుగడ్డ గోనెసంచిలో కరిగి కాళ్ల కింద నీళ్లు కారుతున్నాయి.

“అమ్మా,” అంది శైలజ, “రేపు నువ్వు పోతే గూడ గిట్లనేనా?”

“నేను పొయ్యేనాటికి నువ్వు నర్సువైతవ్. గప్పుడు చూసుకుందువు.”

“పెదనాయన పోతే?”

“ఊకో బిడ్డా.”

“ఈ సర్టిఫికెటు నేను నౌకరీ చేసినన్ని దినాలు చూపెట్టాలె గద? నౌకరీ ఉన్నన్ని దినాలు మనింట్ల ఎవరు సచ్చినా నోరు మూసుకోవాల్నా?”

“మూసుకో!” కిష్టమ్మ కసిరింది. వెంటనే కూతురి తల దగ్గరికి లాక్కుంది. “మీ నాయన ఆ రాళ్లలో ఎందుకు సచ్చిండనుకున్నవే? ఈ ఒక్కపూట ఓర్సుకో. గుండె రాయి జేసుకో నా తల్లీ.”

యేసయ్య బయటికి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు. “నేనే పూడ్సిన కిష్టమ్మా. ఆ దినం పంతులు ముంగట నలభై మూడిండ్లని నేనే పూడ్సిన.”

“నువ్వొక్కనివే గాదు బావా. నేను కోడిగ్గూడ కోసి పెట్టిన.”

పాడెను కంచె దగ్గర నుంచి వాగుకు మోసుకొచ్చారు. వాగులో చుక్క నీరు లేదు. పైన ఇసుక పెనంలా కాలుతోంది. అయితే రెండడుగులు తవ్వగానే తడి తగిలింది, మూడడుగులకు నీరు ఊరింది. తవ్విన పక్కలు తవ్వినట్టే కూలిపోతున్నాయి. పార పట్టిన కుర్రవాళ్లు చెమట కారుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఈ వాగు వస్తుంది. వచ్చిన ఏడు రాళ్లనే దొర్లించుకుపోతుంది, మనిషినుంచుతుందా?

పన్నెండు దాటాక చేనులోని ఆడవాళ్లు కూడా వచ్చారు, వేళ్లకు పసుప్పచ్చ పుప్పొడితోనే. గద్వాల నుంచి శవపెట్టె తెస్తున్న వడ్రంగిని యేసయ్య దారిలోనే వెనక్కి పంపించేశాడు. ఇస్రాయేలును పాత దుప్పట్లో చుట్టారు. వాడలో చావంటే పాటతో ఊరు దద్దరిల్లేది. సొమ్ము లేకున్నా, తిండి లేకున్నా, గొంతు మాత్రం వాళ్లదే. ఇవాళ డెబ్బై మంది ఉండి పీల్చిన ఊపిరి చప్పుడు వినిపిస్తోంది.

గోపి మోటార్ సైకిల్ ఒడ్డున నిలిపి, కాయితాల సంచితో దిగివచ్చాడు. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అగరుబత్తీలు తనే కొనుక్కొచ్చాడు. వాటిని కిష్టమ్మ చేతికిస్తూ ఎవరికీ వినబడకుండా అన్నాడు.

“ఇవి కనబడాలె అక్కా. ఏమనుకోకు. మా బిజినేపల్లి దిక్కు గూడ ఇదే కథ. మా ఊళ్ల గూడ సున్నానే.” కాయితాల సంచి భుజాన సర్దుకున్నాడు. “మా అమ్మ పేరు మార్తమ్మ. పోయిన సంవత్సరం చౌడమ్మ అని పూడ్చొచ్చిన. అప్పటికి నాకు నౌకరొచ్చి ఆరు నెల్లు.”

కిష్టమ్మ అతని మొహంలోకి చూసింది. ఎమ్మార్వో ముందు పరిచిన ఆ పెద్ద కాయితం గుర్తొచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని పెన్సిలు పట్టుకుని తూకం వేస్తున్నాడే, ఆ గళ్లలో ఎన్ని సున్నాల కింద ఎందరున్నారో!

“పాపమంతా ఎవరిదో గాని, నువ్వేం జేస్తవ్ తమ్మీ,” అంది.

శవాన్ని దించారు. దుప్పటి అంచు నీళ్లలో తడిసింది. యేసయ్య కొబ్బరికాయ కొట్టాడు. మొదటి దెబ్బకు అది పగల్లేదు. పసుపు చల్లారు. గోపి అగరుబత్తీలు వెలిగించి ఇసుకలో గుచ్చి, ఒక ఫొటో తీసుకున్నాడు. కుర్రవాళ్లు పారలెత్తారు. ఒక్కొక్క పార ఇసుక దుప్పటి మీద పడుతుంటే మున్నీబీ మొహం తిప్పుకుంది. అందరూ పెదవులు బిగబట్టారు. ఏడుపు కూడా ఎక్కడ పాటయిపోతుందోనని భయం కాబోలు, ఏడ్చేవాళ్లూ చప్పుడు లేకుండానే ఏడ్చారు.

ఇసుక సమానం చేశాక గోపి ఫైలును మోకాలి మీద పెట్టుకుని పంచనామా పూర్తిచేశాడు. “వేలిముద్ర కావాలె అక్కా. ముందు పాపతోని చదివిచ్చుకో.”

శైలజ కాయితం అందుకుంది. గట్టిగా చదివింది. మృతుడు తిమ్మన్న, హిందూ, ఎస్సీ. గ్రామంలో ఉన్న శ్మశాన స్థలంలో ఆచారం ప్రకారం ఖననం చేయడమైనది. గ్రామంలో క్రైస్తవ కుటుంబాలు లేవు. శ్మశాన స్థలానికి కొరత లేదు. భార్య ఇందుకు అంగీకరించి వేలిముద్ర వేయడమైనది.

“కొరత లేదు” దగ్గర శైలజ ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది, ఈసారి మనసులో.

“నాయన పేరే లేదమ్మా,” అంది.

“ఇటియ్యి.”

కిష్టమ్మ సిరాడబ్బీలో బొటనవేలు ముంచింది. ఒక్క క్షణం ఆగింది. వాగు ఒడ్డున లక్ష్మీదేవమ్మ మనిషి ఒకడు నిలబడి చూస్తున్నాడు. సాయంత్రం మొగ్గలు ఒలిచే పనికి వేళవుతోంది, ఎంతమంది వస్తారో లెక్క కట్టుకుపోవడానికి వచ్చాడు. కిష్టమ్మ కళ్లు మూసుకుని వేలు కాయితం మీద ఒత్తింది. ఒత్తిన చోట నల్లగా, నిండుగా ముద్ర పడింది. గోపి దాన్ని ఊది ఆరబెట్టాడు. కూతురి సీటు దక్కింది. ఇక ఇంటికి పోవడమే.

అప్పుడు యేసయ్య బొంద తలవైపు మోకాళ్ల మీద కూలిపోయాడు. తలపాగా తీసి ఇసుకలో పెట్టాడు. ముఖం పైకెత్తాడు. ఆయన పెదవులు విడివడటం కిష్టమ్మ చూసింది. నాలుగేళ్లుగా ఆయన లోపల ఏది పుండులా సలుపుతోందో అది ఇప్పుడు పైకి వచ్చేస్తోంది. ఒక్క మాట బయటపడితే చాలు, పంచనామా చిరిగిపోతుంది.

ఆమె ఒక్క ఉదుటున వెళ్లి, సిరా ఆరని చేత్తోనే బావగారి నోరు గట్టిగా మూసేసింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ మనిషి ఎదుట తల మీది కొంగు కూడా జారనివ్వలేదు.

“వద్దు బావా! నీ కాళ్లు మొక్కుత, వద్దు! బిడ్డ బతుకు బావా!”

యేసయ్య పెనుగులాడలేదు. ఆమె అరచేతి కింద ఆయన నోరు వణికింది, కన్నీళ్లు ఆమె వేళ్ల మీదుగా కారాయి. డెబ్బై మంది చూస్తున్నారు.

అప్పుడు వెనక నుంచి గొంతు లేచింది. ఆడగొంతు. తడబడకుండా ప్రార్థన మొదలుపెట్టింది. తండ్రిని ఇస్రాయేలు అని పేరు పెట్టి పిలిచి, దేవుడికి అప్పగిస్తోంది.

కిష్టమ్మ తల తిప్పి చూసింది. శైలజ ఇసుకలో మోకరించి ఉంది. కళ్లు మూసుకోలేదు. తిన్నగా గోపి చేతిలోని కాయితం వైపే చూస్తూ ఒక్కొక్క మాటా స్పష్టంగా పలుకుతోంది.

“అయ్యో బిడ్డా,” అంది కిష్టమ్మ. ఆ మాట ఆమెకే వినబడలేదు.

గోపి కలం మూత తీశాడు. కాయితం వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. రాయనూ లేదు, మూత పెట్టనూ లేదు. ఒడ్డు మీది మనిషి వినడానికి నాలుగడుగులు దిగి వచ్చాడు. ఆడవాళ్లలో ఎవరో ఒకరు శైలజతో గొంతు కలిపారు. ఇంకొకరు ఆమె నోరు మూయబోయి ఆగిపోయారు.

కిష్టమ్మ చెయ్యి ఇంకా యేసయ్య నోటి మీదే ఉంది.